రాయికి వదిలిన పిండి

మొన్న చలి ముదిరినప్పుడు మా తమ్ముడి కొడుకు, వాడి దోస్తులు కలిసి సర్కారు దవాఖాన ముందు దుప్పట్లు పంచారు. మంచి పనే, కాదనను. పెద్దమనిషి ఒకరుంటే బాగుంటుందని నన్ను కూడా ఆటోలో ఎక్కించుకుని తీసుకుపోయారు. తీరా పోయి చూస్తే దుప్పట్లకన్నా ఫ్లెక్సీ పెద్దగా ఉంది. దాని మీద పిల్లలందరి ఫోటోలూ ఉన్నాయి. ఎప్పుడు తీశారో, మూలన నా ఫోటో కూడా పెట్టారు, అదీ కళ్లు మూసుకున్నది.

దుప్పటి ఒక కొస నేను పట్టుకోవాలి, ఇంకో కొస తీసుకునే మనిషి పట్టుకోవాలి, ఇద్దరం ఫోన్ వైపు చూడాలి. అదీ పద్ధతి. ఒక ముసలామె కొంగు నిండా కప్పుకుని వచ్చింది. ఫోన్ పట్టుకున్న పిలగాడు, "అవ్వా, జర కొంగు తియ్యి, మొకం కనపడ్తలేదు" అన్నాడు. ఆమె దుప్పటి వైపు చూసింది. తర్వాత కొంగు దించింది. నేను నా చేతిలోని కొస వదిలేశాను.

"ఏమైంది అత్తమ్మా?" అన్నాడు మావాడు.

"చెయ్యి గుంజుతుంది రా. నన్ను ఇంట్ల దింపుండ్రి" అన్నాను. చెయ్యికి ఏమీ కాలేదు. నాకు మా అమ్మ గుర్తొచ్చింది. అమ్మ అయితే కొంగు దించేది కాదు, దుప్పటి అక్కడే పడేసి వచ్చేది. అలాంటి మనిషి చేత ఒక వానాకాలమంతా ఊరివాళ్లు తమ గింజలు తినిపించారు. ఎలా తినిపించారో చెబుతాను.

మా నాయినది అల్లాదుర్గ్ దిక్కు పల్లె. భూములు, బావులు, ఎడ్లు ఉన్న పటేల్ల ఇల్లు. పంపకాల దగ్గర అన్నదమ్ముల మధ్య మాట పట్టింపు వచ్చి, నాయిన కట్టుబట్టలతో మమ్మల్ని వెంటబెట్టుకుని మెదక్ వచ్చేశాడు. గింజలు కొని అమ్మే అడ్తి దుకాణంలో బస్తాలు తూకం వేయించే పని దొరికింది. పెద్ద చర్చి శిఖరం కనబడే ఒక గల్లీలో రెండు అర్రలు కిరాయికి తీసుకున్నాం. భూములైతే పోయాయి గానీ అమ్మ మెడ మాత్రం ఇంచు కూడా వంగలేదు. గల్లీలో అందరూ పొద్దున పక్కింటి నుంచి నిప్పు కణికలు తెచ్చుకునేవాళ్లు. అమ్మ తెచ్చుకునేది కాదు. "అగ్గి అడిగినోళ్లు రేపు ఉప్పు అడుగుతరు" అనేది. ఎవరింట్లోనూ మంచినీళ్లు కూడా తాగేది కాదు. అందులో పరువెంతో, కులం పట్టింపెంతో, ఇప్పుడు ఆలోచిస్తే రెండూ సగం సగం అనిపిస్తుంది. మా అమ్మే కదా అని దాచిపెట్టి లాభం లేదు.

ఆ వానాకాలం నాయినకు పసిరికలయ్యాయి. కళ్లు, గోళ్లు పచ్చగా మారాయి. పసరు మందు పోశారు, దవాఖానలో సూదులు వేశారు. నూనె వద్దు, కారం వద్దు, జొన్న గటక, మజ్జిగ మాత్రమే పెట్టమన్నారు. మంచం మీద నుంచి లేస్తే పడిపోయేవాడు. పనికి పోకపోతే జీతం ఎవరిస్తారు? మాటలు లేకపోయినా వాటా కింద ప్రతి ఏడూ పల్లె నుంచి వచ్చే జొన్నల బస్తా ఆ ఏడు రాలేదు. పెదనాయినలను అడగడమంటే అమ్మకు ప్రాణం మీదికి వచ్చినట్టే. పుట్టింటికి కబురు పెట్టడం అంతకన్నా కష్టం. మూలనున్న పాత బస్తా రోజురోజుకూ కుంగిపోతుంటే నేను దాని మీద ఎక్కి దూకుతూ ఆడుకునేదాన్ని. మొదట్లో నా నడుము ఎత్తుండేది, తర్వాత మోకాలికి వచ్చింది. నాకు దూకడం సులువైందని సంబరం.

పిండి లేని పూట అమ్మ ఒక పని చేసేది. ఒట్టి చెక్క పీట ముందర కూర్చుని, రొట్టె చేస్తున్నట్టు అరచేత్తో దబదబ కొట్టేది. పక్కింటికీ మాకూ మధ్య ఒకటే గోడ. వినబడనీ, పటేల్ కోడలు రొట్టెలు చేస్తోందని అనుకోనీ అని. నేనూ తమ్ముడూ దాన్ని ఆట అనుకుని నవ్వేవాళ్లం. అమ్మ కూడా నవ్వేది. పిండి ఉన్న పీట ఒక తీరుగా, లేని పీట ఇంకో తీరుగా చప్పుడు చేస్తుందని, పుట్టిన కాడి నుంచి రొట్టెల చప్పుడు వింటున్న ఆడవాళ్లకు ఆ తేడా తెలియకుండా ఉండదని ఆమెకు తట్టలేదు పాపం.

గోడ అవతల పూలవ్వ ఉండేది. గుళ్లకు పూలమాలలు కట్టి అమ్మేది. శివరాత్రి వస్తే నడుచుకుంటూ ఏడుపాయలకు పోయి దుర్గమ్మను చూసి వచ్చేది. ఎదురింట్లో బీడీలు చుట్టే ఆమెను అందరం ఖాలా అనేవాళ్లం, అంటే చిన్నమ్మ. ఆమె ఇంట్లో పొగాకు వాసన, పుదీనా వాసన కలిసి ఉండేవి. గల్లీ మొదట్లో చర్చికి పోయే టీచరమ్మ. తెల్ల చీర, చేతిలో గొడుగు, మాట పొల్లుపోని మనిషి. ముగ్గురికీ ఒకరి వంట ఒకరికి నచ్చదు, ఒకరి పద్ధతి ఒకరికి నచ్చదు. ముగ్గురూ రోజూ కలిసేది మాత్రం గిర్నిలో.

గిర్ని అంటే ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. ఇంట్లో గింజలు బాగు చేసి డబ్బాలో పోసి తీసుకుపోతే పిండి పట్టి ఇచ్చే చోటు. నాకు మెదక్‌లో అంతకన్నా ఇష్టమైన జాగా లేదు. ఇంజను చప్పుడుకు నేల వణికేది. వేడి పిండి వాసనకు ఆకలి కానివాళ్లకు కూడా ఆకలి అయ్యేది. పైన రేకు తొట్టిలో గింజలు పోస్తే, లోపల రాయి తిరిగి, కింద గుడ్డ గొట్టంలో నుంచి పిండి జారేది. నేను మూతికి పిండి మీసాలు పెట్టుకుని, కాంటా మీద ఎక్కి ఊగి, గిర్ని తాతతో తిట్లు తినేదాన్ని. తాత మనిషి నెత్తి నుంచి కాళ్ల దాకా తెల్లగా ఉండేవాడు. కనుబొమ్మల మీద కూడా పిండే. తిట్టి తిట్టి చివరికి గుప్పెడు వేడి పిండిలో బెల్లం ముక్క కలిపి చేతిలో పెట్టేవాడు. ఆ ముద్ద ముందు ఏ స్వీటు దుకాణమూ ఆనదు.

ఆ గిర్నిలో ఒక పద్ధతి ఉండేది. తమ పిండి పట్టడం అయిపోవచ్చేటప్పుడు, ఇంకా కొంచెం గింజ లోపల ఉండగానే కొందరు ఆడవాళ్లు డబ్బా పక్కకు లాగేవాళ్లు. "కడమది రాయికి ఉండనియ్యి తాతా" అని చెప్పి పోయేవాళ్లు. ఆ మిగిలింది తర్వాత పెట్టిన డబ్బాలో పడేది. ఎవరి డబ్బా తర్వాత పెట్టాలో తాత ఇష్టం. జొన్నల వెనక జొన్నలు, గోధుమల వెనక గోధుమలు వచ్చేలా చూసుకునేవాడు. ఇచ్చినవాళ్లు ఎవరికి పోయిందని వెనక్కి చూసేవాళ్లు కారు. అందుకున్నవాళ్లకు అందినట్టే తెలియదు. రాయికి ఆకలవుతుంది కాబట్టి దానికీ ఒక ముద్ద పెడుతున్నారని నేను అనుకునేదాన్ని. మా డబ్బా తాత నాలుగైదు జొన్నల డబ్బాల తర్వాతే ఎందుకు పెడతాడో నాకు అర్థమయ్యేది కాదు. "నా నంబరు ముందున్నది కద తాతా" అని కొట్లాడితే, "నీ మీసం సక్కగ లేదు, పోయి మంచిగ పెట్టుకో" అనేవాడు.

మా అమ్మ గిర్నికి వచ్చేది కాదు కాబట్టి ఆమెకు ఇదేమీ తెలియదు. సగం డబ్బా జొన్నలు పంపితే పిండి సగానికన్నా ఎక్కువే వచ్చేది. "గింజ మంచిగున్నది, పిండి ఒదుగుతున్నది, ఎక్కువైతున్నది" అని నాయినతో చెప్పేది. ఒట్టి పీట మోగడం ఆగిపోయింది.

వాన కురుస్తున్న ఒక పగలు గిర్ని అరుగు మీద ఆ ముగ్గురు ఆడవాళ్లూ పెట్టుకున్న వాదన నాకు బాగా గుర్తు. పూలవ్వ మొదలుపెట్టింది. "మాదాంట్ల గుప్తదానం అంటరు. గుమ్మడికాయల పైస పెట్టి ఇస్తరు. తీస్కున్నోనికి గూడ ఇంటికి పోయి కోసేదాంక తెల్వదు."

"అరె, గదేం గొప్ప?" అంది ఖాలా. "మాదాంట్ల ఇచ్చినట్టు పక్కోనికి తెలిస్తె సవాబ్, గదే పుణ్యం, సగం పోతది. అల్లాకు తెలిస్తె చాలు."

"మా ప్రభువు చెప్పిండు కద, కుడిచెయ్యి ఇస్తే ఎడమచేతికి గూడ తెల్వద్దని" అంది టీచరమ్మ గొడుగు మడుస్తూ.

"మరి గింత మొత్తుకుంటరేందమ్మా?" అన్నాడు గిర్ని తాత లోపల నుంచి. గుట్టుగా ఇవ్వడం గురించి అంత గట్టిగా అరుచుకున్న మనుషులను నేను మళ్లీ చూడలేదు.

అంతలో రంజాన్ నెల వచ్చింది. గిర్నిలో ఎటు చూసినా గోధుమల డబ్బాలే. ఆ రోజు జొన్నలు తెచ్చింది నేనొక్కదాన్నే. తాత నెత్తి గోక్కున్నాడు. ఇంకెవరైనా జొన్నలు తెస్తారేమోనని కాసేపు చూశాడు. మా ఇంటి డబ్బా ఏమీ కలవకుండా పంపడం ఇష్టం లేదేమో, ఖాలా డబ్బా తీయగానే మాది పెట్టేశాడు.

ఇంటికి పోయి అమ్మ పిండిలో ఎసరు పోసి పిసికింది. ఒకసారి పిసికి ఆగింది. వేళ్లు దూరం జరిపి చూసింది. జొన్నపిండి అయితే విరగాలి, ఇది సాగుతోంది. వాసన చూసింది. కొంచెం నాలుక మీద వేసుకుంది.

"గిది మన పిండి కాదు" అంది. "గోధుమ కలిసింది. ఎవరిదో మారిపోయింది. ఎవరి పిల్లలో ఆకలితోని ఉంటరు. లే, చూపియ్యి గిర్ని."

పిండి మారిపోయిందనే ఆమె నమ్మింది. పరాయివాళ్ల పిండి పొరపాటున తెచ్చుకున్నామన్నదే ఆమె బాధ. వాన తుంపరలో కొంగు నెత్తిన కప్పుకుని, డబ్బా నా నెత్తిన పెట్టి, నా వెనకే నడిచింది. అమ్మ బజారులో నడవగా చూడటం నాకు అదే మొదటిసారి.

గిర్ని అరుగు మీద ముగ్గురూ ఉన్నారు. అమ్మను చూసి ముగ్గురూ ఒకేసారి నోళ్లు మూసుకున్నారు. తాత తోలు పట్టా తప్పించి ఇంజను ఆపాడు. అంత చప్పుడు ఆగిపోయేసరికి నా చెవుల్లో ఇంకా మోగుతూనే ఉంది.

"తాతా, ఎవరి పిండో మా డబ్బల కలిసింది. ఎవరిదో అడిగి ఇచ్చేయుండ్రి" అంది అమ్మ.

"మారలేదమ్మా, మీదే" అన్నాడు తాత, అమ్మ వైపు చూడకుండా.

"మా ఇంట్ల గోధుమలే లెవ్వు, పిండెక్కడికెళ్లి వస్తది?"

ఖాలా రోజాలో ఉంది. అబద్ధం ఆడితే ఉపవాసం ఏమవుతుందో అని భయం. తస్బీ తీసి పూసలు తిప్పుతూ గోడకేసి చూస్తూ కూర్చుంది. టీచరమ్మ అబద్ధం ఎప్పుడూ ఆడదు. మిగిలింది పూలవ్వ. "ఏం గోధుమలు? గవి ఎర్రజొన్నలు. వానకు తడిసి గట్ల సాగుతున్నయ్. పో, మంచిగ రొట్టెలు చేస్కోపో" అంది. ఇద్దరి అబద్ధం తానే మోస్తున్న మనిషిలాగా చాలా గట్టిగా అంది.

అమ్మ ముగ్గురినీ చూసింది. డబ్బా దించి లోపలికి చూసింది. అప్పుడు ఆమె ముఖం మారింది. వానాకాలం పొడుగునా పిండి ఎందుకు ఒదిగిందో ఆ నిమిషంలో ఆమెకు తెలిసిపోయింది. నేను అమ్మ చీర కుచ్చిళ్లు పట్టుకుని ఉన్నాను. డబ్బా అక్కడే వదిలేసి పోతుందని, ఇక ఆ రాత్రి మాకూ నాయినకూ ఏమీ ఉండదని నాకు ఏడుపొచ్చింది.

"టీచరమ్మా" అంది అమ్మ. "మీరు అబద్ధం ఆడరని అందరికి ఎరుకే. మీరు చెప్పుండ్రి. మేం అడుక్కునేటోళ్లమా?"

టీచరమ్మ లేచి నిలబడింది. తన డబ్బా మూత తీసి చూపించింది. "నా పిండి నా దగ్గర్నే ఉన్నది, చూడు. నువ్వు ఎవరి దగ్గర్నుంచీ చెయ్యి చాపి తీస్కోలేదు. నేను చూసింది చెప్తున్న. చర్చిలనైనా ఇదే చెప్త."

తాత మెల్లగా అన్నాడు. "బిడ్డా, రాయి అన్నంక ముందోళ్లది జర లోపల ఉంటది. ఎనకోళ్ల దాంట్ల పడ్తది. ఈ గిర్ని పెట్టినప్పటి సంది గంతే. నాకు గూడ పడ్డది ఒకప్పుడు. దాన్ని వాపస్ తీసుకునుడు నాకు రాదు."

అమ్మ ఆ తర్వాత చేసిన పని నేను చచ్చేదాకా మరిచిపోను. డబ్బా అరుగు మీద పెట్టింది. "ఈడనే ఉండు" అని నాతో చెప్పి వానలో ఇంటికి పోయింది. తిరిగి వచ్చేటప్పుడు కొంగులో జొన్నలు ఉన్నాయి, ఒక దోసెడు. అడుగుకు వచ్చిన మా బస్తాలో నుంచి తీసినవి. తాతను అడగకుండా ఎత్తు మీద ఎక్కి ఆ జొన్నలు తొట్టిలో తానే పోసింది.

"ఇగ మాది గూడ రాయిల ఉన్నది" అంది. "నడిపియ్యి తాతా."

తాత పట్టా ఎక్కించాడు. ఇంజను మొదలైంది. పూలవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుని, పిండి దుమ్ము పడిందని తాతనే తిట్టింది. అమ్మ మా డబ్బా తానే నెత్తిన పెట్టుకుంది. ఆ రాత్రి రొట్టెలు కొంచెం సాగాయి. నాయిన రెండు తిని, ఎన్నాళ్లకో ఇంకొకటి అడిగాడు.

పండుగ నాడు ఖాలా ఎప్పటిలాగే షీర్ ఖుర్మా గిన్నె తెచ్చింది. ఏటా అమ్మ నవ్వుతూ తీసుకుని, ఆమె పోయాక ఎవరికో ఇచ్చేసేది. మమ్మల్ని వేలు కూడా ముంచనిచ్చేది కాదు. ఈసారి గిన్నె తీసుకుని, ఖాలాతో పాటే ఎదురింటికి పోయి, వాళ్ల గడప మీద కూర్చుని తాగింది. అడుగున మిగిలిన ఖర్జూరం ముక్క కోసం నేనూ తమ్ముడూ గిన్నె గుంజుకున్నాం. నీళ్లు కూడా అడిగింది. ఖాలా తొందరలో నీళ్లిస్తుంటే గ్లాసులో సగం గడప మీదే పోయాయి.

నాయిన లేచి పనికి పోయాడు. మళ్లీ గింజలు ఇంటికి వచ్చాయి. అప్పటి నుంచి అమ్మే గిర్నికి పోయేది. కడమది వదలకుండా ఏనాడూ డబ్బా తీయలేదు. ఎవరికి పోయిందో ఏనాడూ అడగలేదు. మా పెళ్లిళ్లయ్యాయి, ఇల్లు కట్టుకున్నాం. గిర్ని తాత పోయాడు, గిర్ని కూడా పోయింది. ఆ జాగాలో ఇప్పుడు ఫోన్లు రిపేరు చేస్తున్నారు. ప్యాకెట్ పిండి వచ్చాక ఎవరి పిండి వాళ్లదే అయిపోయింది.

అమ్మ మంచాన పడ్డాక ఒకసారి అడిగాను. "అమ్మా, ఆ గోధుమలు ఖాలావని అప్పుడే తెలుసు కదా నీకు?"

"ఆ ఒక్కనాటివి ఖాలావే కావచ్చు" అంది అమ్మ. "మరి అంతకుముందు నెలలనాటి జొన్నలు ఎవరివే? పూలవ్వవి ఉండొచ్చు. తాతవే ఉండొచ్చు. మొకం తెల్వని మనుషులవి ఉండొచ్చు. ఎవరివో తెలిస్తే ఆళ్ల ఒక్కరికి దండం పెట్టుకుని ఊకుందును. తెల్వకపాయె. ఇగ మెదక్‌ల ఎవరిని తక్కువ జేసి చూడాలె నేను? ఎవరిని చూసినా, ఈళ్ల గింజలే తిన్ననేమో అనిపిస్తది బిడ్డా."

అమ్మ పోయిన రోజు మా ఇంటి ముందు గల్లీ నిండిపోయింది. వచ్చినవాళ్లలో సగం మందిని నేను ఎప్పుడూ చూడలేదు. టోపీలు పెట్టుకున్నవాళ్లు, మెడలో శిలువలున్నవాళ్లు, బొట్లు పెట్టుకున్నవాళ్లు, ఏమీ లేనివాళ్లు. ఒక్కొక్కరే వచ్చి ఆమె కాళ్ల దగ్గర నిలబడి పోతున్నారు. "ఎవరు వీళ్లంతా?" అని మా తమ్ముడు నా చెవిలో అడిగాడు. నాకు తెలియదన్నాను. ఎవరినీ పేరు అడగలేదు. గల్లీ ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి, ఒక్కరినీ విడవకుండా అందరికీ చేతులు జోడించి వచ్చాను.